బిగిసే ఉన్న నాలుగు మరలు

రువీల, హమ్రియా వెనక సందుల
మా రూముకు ఫ్రిజ్ వచ్చిన రోజు
ఆరుగురం దాని ముందు కూసున్నం
సినిమా మొదలైతదన్నట్టు.
యాభై ఎనిమిది రియాళ్లు.
తలా తొమ్మిది రియాళ్ల ఆరువందల అరవై ఆరు బైసలు.
మిగిలిన నాలుగు బైసలకు
ఈ దేశంల బిళ్లే దొరకదని నవ్వుకున్నం.
పై అరల రాజలింగన్న ఇన్సులిన్,
కింద పెరుగు, పచ్చిపులుసు గిన్నె.

నెల దాటినంక ఒక రాత్రి
రెండుసార్లు గురకపెట్టి
అది ఊకున్నది.

నేను ఏసీ మెకానిక్‌ను.
తొమ్మిదేండ్ల సంది ఈ ఊరోళ్ల చల్లదనం
నా వేళ్ల మీదుగనే పోతది.
చెవి ఆనిస్తే చాలు, తెలిసిపోయింది:
కంప్రెసర్ పాతది, రంగే కొత్తది.
వెనక రేకుకు నాలుగు మరలు. పావుగంట పని.
నాలుగో మర మీద గోరంత స్టిక్కరు:
చినిగితే వారంటీ చెల్లదు.

దుకాణంల శిహాబ్ అన్నడు,
"మేం అమ్మెటోళ్లం. చెడిపోతే కంపెనీని అడుగు."
కంపెనీకి ఫోన్ చేస్తే ముందుగాల పాట.
పాట ఒడిసినంక ఒక గొంతు,
"కొన్నకాన్నే అడగండి" అన్నది.
మళ్ల శిహాబ్ దగ్గరికి.
"మీ రూముల కరెంటు మంచిగ లేదేమో,
ప్లగ్గు వదులేమో,
ఆరుగురు తెరుస్తుంటే ఏ తలుపు ఆగుతది?"
నేను మెకానిక్‌నని చెప్పిన.
"అట్లయితే నువ్వే విప్పుంటవ్."

నా పనితనమే
నా మీద సాక్ష్యం చెప్పగలదని
ఆ పూటనే ఎరుకైంది.

ఇన్సులిన్ కింది చాయ్ దుకాణంల
పాల ప్యాకెట్ల నడుమకు పోయింది.
తెల్లారుజామున సూది కోసం మెట్లు దిగుకుంట
రాజలింగన్న ఆగిండు:
"పావుగంట పని అంటివి గద, విప్పరాదుర తమ్మీ."
"విప్పితే మనదైతదన్నా.
విప్పనంతవరకు ఈ తప్పు వాళ్లదే."
ఏమనలేదు. గోడ పట్టుకొని దిగిండు.
జేబుల స్క్రూడ్రైవర్ తొడకు గుచ్చుకున్నది.

ఫిర్యాదు చేద్దమంటే బిల్లు కావాలె.
పర్సుల నుంచి తీస్తే తెల్ల కాయితం.
జూన్ నెలంత నాతోని మిద్దెలెక్కింది గద,
అచ్చంత ఎండ నాకేసింది.
బల్బుకు అడ్డం పట్టి చూస్తే
థ్యాంక్యూ అన్న మాట ఒక్కటే మిగిలింది.

భూమేశ్ మంచం కింది పెట్టె గుంజి
లెక్కల నోట్‌బుక్ తీసిండు.
ఉప్పు, గ్యాసు, ఎవనికి ఎవడు బాకీ.
వాటి నడుమ, వంకర గీతల మీద,
ఫ్రిజ్ కొన్న తేదీ, బిల్లు నంబరు,
ఫ్రిజ్ వీపు మీది నంబరు.
ఆఖరికి: నాలుగు బైసలు భూమేశ్ ఖాతా.
"గివన్ని ఎందుకు రాసినవ్‌రా?"
"మా అవ్వ బీడీలు చేసేది.
కార్ఖానోళ్లు కట్టలు బాగలేవని పారేస్తే
పుస్తకం తెరిచి అడిగేది.
ఇచ్చినా ఇయ్యకున్నా, అడిగేది."

దఫ్తర్ల మా టోకెను నూట పదిహేడు.
తెల్ల డిష్‌డాషా తొడిగిన పడుచు అధికారి
నోట్‌బుక్‌ను అటు తిప్పి ఇటు తిప్పి
ఇదే భాషన్నడు.
తెలుగన్న.
ఆయన వేలు మా అక్షరాలన్ని దాటిపోయి
అంకెల కాడ నిలవడ్డది.
కంప్యూటర్ల కొట్టిండు. దుకాణం పేరు లేచింది.
"వెనక విప్పిన్రా?"
లేదని, ఫోన్ల ఫోటో చూపిన.
స్టిక్కరును పెద్దగ చేసి, ఇంకింత పెద్దగ చేసి
శానసేపు చూసిండు.

ఎల్లుండి వాళ్లను పిలుస్తరట.
ఏమైతదో ఎరుక లేదు.

రూముకొస్తే రాజలింగన్న
చచ్చిన ఫ్రిజ్‌ల ఉల్లిగడ్డలు పోసిండు.
"తీసెయ్యన్నా, ఖరాబు చేసిన్రంటరు."
వంగి ఒక్కొక్కటే ఏరుకుంటుంటే
ఆయన చేతుల వణుకు చూసిన.
నా చేయి జేబులకు పోయింది.

స్క్రూడ్రైవర్ తీసి భూమేశ్‌కిచ్చిన.
"నీ పెట్టెల వెయ్. తాళం కూడా వెయ్.
చెవి నేనడిగినా ఇయ్యకు."